యాభై దాటాక ఆట: పాఠకుల ప్రశ్నలు, పీడీ మాస్టారి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ షటిల్ వాళ్ళవే. కాలనీకో ఇండోర్ కోర్టు వచ్చేసింది, గంటకింతని కట్టి ఆడేవాళ్ళు బాగా పెరిగారు, అందులోనూ కాలేజీ రోజుల్లో ఆడి, ఉద్యోగం పిల్లలు అంటూ పాతికేళ్ళు రాకెట్ అటకమీద పడేసి, ఇప్పుడు తీరిక దొరికి మళ్ళీ పట్టుకున్నవాళ్ళే ఎక్కువ. నా దగ్గరికి వచ్చే దెబ్బలు చూస్తే వయసు వల్ల వచ్చినవి తక్కువ, ఈ మధ్యలో వచ్చిన గ్యాప్ వల్ల వచ్చినవే ఎక్కువ అనిపిస్తుంది. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, ఇప్పటికీ పొద్దున్నే డబుల్స్ ఆడతా. కాబట్టి కీలు వాచినా, కాలు మోపలేకపోయినా, రాత్రి నిద్రలో కూడా నొప్పి వేధిస్తున్నా ఈ పేజీ చదువుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మాస్టారూ, నాకు 58. బ్యాంకులో చేసి వాలంటరీ తీసుకున్నా. ఆరు నెలలుగా కుడికాలి మడమ వెనకాల, పిక్క కిందకి దిగే చోట నొప్పి. పొద్దున మంచం దిగగానే నాలుగడుగులు కుంటుకుంటూ వెయ్యాలి, తర్వాత సర్దుకుంటుంది. రెస్ట్ తీసుకోమన్నారని రెండు నెలలు కోర్టు మొహం చూడలేదు, పూర్తిగా తగ్గింది. మళ్ళీ వెళ్ళిన వారంలోనే మొదటికొచ్చింది. ఇక షటిల్ మానెయ్యాల్సిందేనా? (కాకినాడ)

జవాబు: మానక్కర్లేదండీ, కాకపోతే మీరు చేసిన ఆ రెస్టే మిమ్మల్ని మళ్ళీ మొదటికి తెచ్చింది. మీరు చెప్తున్నది ఎకిలీస్ టెండన్ లాగా ఉంది, పిక్క కండని మడమ ఎముకకి పట్టి ఉంచేది. దానికి రక్తం సరఫరా తక్కువ, అందుకే దేనికైనా నిదానంగా అలవాటు పడుతుంది. ఊపిరి, కండ నాలుగైదు వారాల్లో దారికొచ్చేస్తాయి, మనకేమో హుషారొచ్చి ఒక గేమ్ ఆడేచోట ఐదు ఆడేస్తాం, టెండన్‌కి మాత్రం నెలలు కావాలి. రెండు నెలలు ఆపితే నొప్పి పోతుంది నిజమే, దాంతోపాటు బరువు మోసే బలం కూడా పోతుంది. అలా తగ్గిన బలంతో పాత ఆటకే తిరిగి వెళ్ళారు, అంతే జరిగింది.

దీనికి పనిచేసేది మెట్టు మీద చేసే ఒక ఎక్సర్‌సైజ్. స్వీడన్‌లో హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అని ఎముకల డాక్టర్, ఆయనకే ఈ నొప్పి ఉండేది, ఆపరేషన్ చెయ్యమని తన పై డాక్టర్ని అడిగితే కుదరదన్నాడట, సరే తెగిపోతే ఎలాగూ చెయ్యక తప్పదు కదా అని పంతంకొద్దీ ఆ కాలి మీద విపరీతంగా బరువేస్తూ పోయాడట, తెగలేదు సరికదా నొప్పి తగ్గిపోయింది. తర్వాత దీన్ని నొప్పితో పరుగు మానేసి, ఆపరేషన్ కోసం చూస్తున్న 15 మంది రన్నర్లతో 12 వారాలు చేయించి 1998లో పేపర్ రాశాడు, వాళ్ళందరూ మళ్ళీ పరిగెత్తారు.

మీ ఇంటి మెట్టు చాలు. గోడ పట్టుకుని మెట్టు అంచున పాదం ముందు భాగం మాత్రం ఆనించి నిలబడండి, మడమ గాల్లో ఉండాలి. రెండు కాళ్ళతో మునివేళ్ళ మీద లేవండి, ఇప్పుడు బరువంతా నొప్పి ఉన్న కాలి మీదకి మార్చి, మడమ మెట్టు కంటే కిందకి వెళ్ళేదాకా మెల్లగా దించండి. లేవడం రెండు కాళ్ళతో, దిగడం ఒక్క కాలితో. ఇలా 15 సార్లు, మూడు విడతలు మోకాలు నిటారుగా పెట్టి, ఇంకో మూడు విడతలు మోకాలు కొంచెం వంచి, పొద్దున సాయంత్రం, 12 వారాలు. మొదటిరోజే ఇదంతా లాగించకండి, ఒక్కో విడతతో మొదలెట్టి పెంచుకుంటూ పోండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉంటుంది, పర్లేదు, చూడాల్సింది మర్నాడు పొద్దున మంచం దిగినప్పటి పరిస్థితి: ముందురోజు కంటే ఎక్కువ పట్టేస్తే ఆ రోజు తగ్గించండి. ఇంకో సంగతి, నొప్పి సరిగ్గా మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంటే మెట్టు వద్దు, నేల మీదే చెయ్యండి, మడమ కిందకి దిగకూడదు.

ఈలోపు కోర్టుకి వెళ్ళండి, రోజు విడిచి రోజు, ఒకటో రెండో గేములు. బ్యాక్‌హ్యాండ్ కార్నర్‌కి వెనక్కి పరిగెత్తి అక్కడ కాలు గట్టిగా తన్ని ముందుకి రావడం ఉంది చూశారా, అది మాత్రం వదిలెయ్యండి, ఆ పాయింట్ పోతే పోనీ. మన వయసువాళ్ళకి ఈ టెండన్ తెగేది చాలావరకు ఆ కదలికలోనే, అదీ బాగా అలిసిపోయాక ఆడే చివరి గేమ్‌లో. టప్‌మని ఎవరో వెనక నుంచి రాకెట్‌తో కొట్టినట్టు ఉంటుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, మునివేళ్ళ మీద లేవబోతే లేవలేరు. అప్పుడు నూనె రాసుకుంటూ వారం గడపకండి, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి.

ఇది చాలామందికి తెలీదు కాబట్టి రాస్తున్నా. కడుపు చెడిందని మెడికల్ షాపులో అడిగి వేసుకునే సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్‌ని దెబ్బతీసే అవకాశం ఉంది, 60 దాటినవాళ్ళకీ స్టెరాయిడ్స్ వాడేవాళ్ళకీ ఇంకా ఎక్కువ. డాక్టర్ రాస్తే వాడాలి, తప్పదు, అయితే నేను ఆడతాను అని ఆయనకి చెప్పండి, ఆ రోజుల్లోనూ తర్వాత కొన్నాళ్ళూ గెంతడాలు పెట్టుకోకండి.

ప్రశ్న: సార్ నమస్తే. నాకు 63 ఏండ్లు. బడిల కూడా ఏ ఆటా ఆడలే, ఆడనియ్యలే. మా కాలనీ ఆడోళ్ళు పొద్దుగాల టెన్నికాయిట్ ఆడుతున్నరు, నన్ను గూడ రమ్మంటున్నరు. నాకేమో మోకాళ్ళు అరిగినయ్ అని డాక్టర్ చెప్పిండు. మా బాబు ఏమో ఈ వయసుల పడి కాలు ఇరగ్గొట్టుకుంటవా అంటున్నడు. పోవాల్నా వద్దా? (హనుమకొండ)

జవాబు: పోండమ్మా, తప్పకుండా పోండి. మీ బాబుకి ఒక ముచ్చట చెప్పండి: చండీగఢ్‌లో మన్ కౌర్ అని ఒక పెద్దావిడ 93 ఏళ్ళకి పరుగు మొదలుపెట్టింది, 2017లో ఆక్లాండ్‌లో జరిగిన వరల్డ్ మాస్టర్స్ గేమ్స్‌లో 101 ఏళ్ళ వయసులో 100 మీటర్లు పరిగెత్తి గోల్డ్ తెచ్చుకుంది. ఆమెని గ్రౌండ్‌కి తీసుకెళ్ళింది ఆమె కొడుకే. ఆ కొడుకు కూడా అప్పటికి డెబ్బై దాటినాయనే, తనూ పరిగెత్తేవాడు.

పడతారన్న భయం అబద్ధం కాదు. కాకపోతే సోఫాలో కూర్చుంటే పడరు అనుకోవడమే తప్పు, తొడల్లో బలం, నిలదొక్కుకునే బ్యాలెన్స్ తగ్గినవాళ్ళే బాత్రూంలో పడుతున్నారు, గడప తట్టుకుని పడుతున్నారు. అందుకే 65 దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు బ్యాలెన్స్‌కి సంబంధించినవి చెయ్యాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తోంది, మీరు రెండేళ్ళు ముందే మొదలెడుతున్నారు అంతే.

ఆటకి వెళ్ళే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేసుకోండి. చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి, మనవడో మనవరాలో ఫోన్లో టైం చూస్తారు. మీ వయసు ఆడవాళ్ళకి 12 కంటే తక్కువ వస్తే కాళ్ళలో బలం చాలదని లెక్క. తక్కువొస్తే బెంగ వద్దు, అదే కుర్చీ మీద పది సార్లు లేచి కూర్చోవడం, కాసేపు ఆగి మళ్ళీ పది, ఒక నెల చెయ్యండి. పొయ్యి మీద పాలు కాగేటప్పుడు గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి, అలవాటయ్యాక పట్టు వదలండి. మోకాళ్ళ అరుగుదలకి కూడా ఇదే మందు, తొడ ముందు కండ గట్టిపడేకొద్దీ మోకాలి మీద భారం తగ్గుతుంది, నొప్పి నెమ్మదిస్తుంది. అరిగాయని కదపడం మానేస్తే ఆ కండ కూడా కరిగిపోతుంది, అప్పుడు నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఇక కోర్టులో. చీర, చెప్పులు వద్దు, డ్రెస్సు వేసుకుని మంచి షూస్ కట్టుకోండి. రింగ్ పట్టేటప్పుడు వేళ్ళకి గట్టిగా తగులుతుంది, ఉంగరాలు, గాజుగాజులు తీసి ఇంట్లో పెట్టి వెళ్ళండి, వేలు వాచాక ఉంగరం కొయ్యాల్సి వస్తుంది. తల మీదుగా రింగ్ వెనక్కి వెళ్ళిపోతుంటే వెనక్కి వెనక్కి అడుగులేస్తూ పట్టబోకండి, ఈ ఆటలో ఆడవాళ్ళు పడేది అక్కడే, పడేటప్పుడు చెయ్యి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. దాన్ని పడనివ్వండి, పక్కావిడ ఏమన్నా అననివ్వండి. మంచు పడి గడ్డి తడిగా ఉన్నరోజు కూర్చుని కబుర్లు చెప్పుకోండి.

ప్రశ్న: వయసు 55, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి, బిళ్ళలు వేసుకుంటున్నా. మా అమ్మాయి స్మార్ట్ వాచ్ కొనిచ్చింది. 220లోంచి వయసు తీసేస్తే 165, అందులో 70 శాతం అంటే 115 దాకా గుండె కొట్టుకోవాలని ఎక్కడో చదివాను. నేను ఎంత ఆయాసపడ్డా వాచ్‌లో 105 దాటట్లేదు. ఇంకా గట్టిగా ఆడాలా? (విజయవాడ)

జవాబు: వద్దు బాబూ, ఆగండి! మీ బీపీ బిళ్ళ పేరు చూడండి, అటెనొలాల్, మెటొప్రొలాల్, ఇలా చివర్లో "లాల్" అని ఉంటే అది గుండె వేగాన్ని పెరగనివ్వని మందు. దాని పనే అది. ఆ మందు మీద ఉండి 115 కోసం ఒళ్ళు విరుచుకోవడం ప్రమాదం. అసలు ఆ 220 లెక్కే అందరికీ సగటున వేసింది, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. వాచ్ పక్కనపెట్టి మాటతో చూసుకోండి: ఆడుతూ మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతే సరిగ్గా ఉన్నట్టు. రెండు మాటలకే ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు.

షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళ గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో కోర్టుకి వెళ్ళొద్దు, ఆటలో షుగర్ పడిపోతుంది, చేతులు వణికి చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి, కొందరికి ఆడిన కొన్ని గంటల తర్వాత, రాత్రికి కూడా పడుతుంది. జేబులో గ్లూకోజ్ పొడో చాక్లెట్టో ఉండాలి, పార్టనర్‌కి మీకు షుగరుందని తెలిసుండాలి. మందు మోతాదు మార్చాలా అన్నది మీ డాక్టర్నే అడగండి. చాన్నాళ్ళ షుగర్ అయితే రోజూ ఆట అయ్యాక సాక్సు తీసి పాదాలు చూసుకోండి, స్పర్శ తగ్గినవాళ్ళకి బొబ్బ లేచినా తెలీదు.

ఇంకోటి, ఆటలో గుండె మధ్యలో బరువుగా పట్టేసినట్టు, అది దవడకో ఎడమ చేతికో పాకుతున్నట్టు, మామూలు కంటే వేరే రకం చల్లటి చెమట వస్తే గ్యాస్ అని సోడా తాగి ఇంకో గేమ్ ఆడేవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. వెంటనే ఆపి 108కి ఫోన్ చెయ్యాలి, బండి మీరే నడుపుకుంటూ పోకూడదు. మీకున్నవాటికి సీరియస్‌గా ఆడే ముందు ఒకసారి గుండె డాక్టర్‌కి చూపించుకోవడం మంచిది.

ప్రశ్న: నాకు 68. కుర్రతనంలో జిల్లాకి బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. రెండేళ్ళ క్రితం ఎడమ మోకాలు మార్పించుకున్నా, నడక హాయిగా ఉంది. మా పాత బ్యాచ్ మళ్ళీ సాయంత్రాలు ఫైవ్స్ ఆడుతోంది. గట్టు మీద కూర్చుని చూడ్డం నావల్ల కావట్లేదు మాస్టారూ. (తెనాలి)

జవాబు: మీ బాధ నాకర్థమైంది, ఆ పసుప్పచ్చ ఊలు బంతి రాకెట్ మీద పడే చప్పుడు వింటే ఆగడం కష్టమే. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఏమన్నారో అదే ఫైనల్, మామూలుగా అయితే నడక, సైకిల్, ఈత, ముందునుంచీ ఆడినవాళ్ళకి నెమ్మదిగా డబుల్స్ ఒప్పుకుంటారు, గెంతడం, ఒక్కసారిగా మెలి తిరగడం, గట్టి నేల మీద పరుగు వద్దంటారు, ఎందుకంటే లోపల పెట్టింది లోహం, ప్లాస్టిక్, ఎక్కువ దెబ్బలు తగిలితే వదులయ్యే అవకాశం ఉంటుంది. మీకు కలిసొచ్చేదేంటంటే ఫైవ్స్‌లో కోర్టుని ఐదుగురు పంచుకుంటారు, ఒక్కొక్కళ్ళు తిరగాల్సిన జాగా తక్కువ. మీకు నెట్ దగ్గర చోటు ఇప్పించుకోండి, మీ వెనకాల ఒక చురుకైన కుర్రాణ్ణి పెట్టండి, మీరు ప్లేస్‌మెంట్ చూసుకోండి, అనుభవానికి అక్కడే విలువ. మోకాలి మీదే ధ్యాస పెట్టి భుజం మర్చిపోకండి, షటిల్ ఐదు గ్రాములుంటే ఈ బంతి 27 నుంచి 30 గ్రాములు, ఇన్నేళ్ళ తర్వాత ఒకేసారి గంటసేపు కొడితే భుజం, మోచెయ్యి రెండూ పట్టేస్తాయి. మొదటి నెల పావుగంట ర్యాలీ మాత్రమే, లెక్కపెట్టే గేమ్ వద్దు, ఫ్రెండ్స్ ఎంత బతిమాలినా సరే.

ప్రశ్న: ఇక్కడ మా తెలుగువాళ్ళ వీకెండ్ క్రికెట్ లీగ్‌లో ఆడతా. 52. రెండు సీజన్లుగా తొడ వెనక కండ పట్టేస్తోంది, సరిగ్గా రెండో రన్‌కి తిరిగినప్పుడే. ఇక చాలు ఆపెయ్ అని మా ఆవిడ గొడవ. (డాలస్)

జవాబు: సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటర్ ముందు, శనివారం పొద్దున కారు దిగి ప్యాడ్లు కట్టుకుని ఒకేసారి ఫుల్ స్పీడు! వారం మొత్తానికి మీరు తీసే పరుగు ఆ రెండో రన్ ఒక్కటే అయితే హ్యామ్‌స్ట్రింగ్ పట్టెయ్యక ఏం చేస్తుంది. ఆపక్కర్లేదు, వారం మధ్యలో రెండు రోజులు ఇరవై నిమిషాలు దానికివ్వండి: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు వంచి నడుం పైకి లేపడం, అది తేలికయ్యాక ఒంటికాలితో లేపడం, తర్వాత గ్రౌండ్‌లో 40 మీటర్ల పరుగులు, మొదటివారం సగం వేగంతో, వారం వారం కొంచెం పెంచుతూ. పూర్తి వేగంతో నొప్పి లేకుండా పరిగెత్తిన తర్వాతే మ్యాచ్. ఫీల్డింగ్‌లో గంట నిలబడి ఒక్కసారిగా బంతి వెనక పరిగెత్తడం కూడా ఇదే బాపతు, ఓవర్ల మధ్య కదులుతూ ఉండండి. మీ ఆవిడ గొడవకి నా దగ్గర ఎక్సర్‌సైజ్ లేదు.

ప్రశ్న: ఆటకి ముందు ఒక పెయిన్ కిల్లర్ వేసుకుని, మోకాలికి నీ క్యాప్ తొడుక్కుంటే ఇబ్బంది లేకుండా ఆడగలుగుతున్నా. కొల్లాజెన్ పొడి కూడా తాగితే మోకాలి గుజ్జు పెరుగుతుందంటున్నారు, నిజమేనా? వయసు 60. (కర్నూలు)

జవాబు: పోయిన గుజ్జు పొడి తాగితే తిరిగి పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు, ఆ డబ్బుతో మంచి షూస్ కొనుక్కోండి. నీ క్యాప్ ధైర్యానికి బాగానే ఉంటుంది, వాడుకోండి. బిళ్ళ మాత్రం ఇవాళే మానండి. డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం, బీపీ పెరగడం, అదీ చెమటకి నీళ్ళు తగ్గిన ఒంట్లో ఇంకా చేటు. పైగా నొప్పి చెప్పాల్సిన సంగతి చెప్పనివ్వకుండా నోరు నొక్కేస్తారు. గుజ్జు అరిగినా ఆడొచ్చనడానికి టెన్నిస్ ఆటగాడు రోహన్ బోపన్న ఉన్నాడు, మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయి రోజుకి రెండు మూడు బిళ్ళల మీద ఆడే దశ నుంచి అయ్యంగార్ యోగా పట్టుకుని బిళ్ళలు వదిలేశాడు, 2024 జనవరిలో 43 ఏళ్ళకి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కొట్టాడు. ఆయన చుట్టూ ఫిజియోలు ఉంటారు, మనకుండరు, అది ఒప్పుకుంటా, కుర్చీ, గోడ, బెల్టు పెట్టుకుని చేసే ఆసనాలు మాత్రం కర్నూల్లోనూ చెయ్యొచ్చు, నేర్పేవాళ్ళ దగ్గర మొదలెట్టండి.

ప్రశ్న: 71 ఏళ్ళు, రైతుని. చిన్నప్పుడు హైస్కూల్లో గుండు విసిరేవాణ్ణి. పేపర్లో మాస్టర్స్ అథ్లెటిక్స్ అని చూశా. నాలాంటివాళ్ళని రానిస్తారా? ఆ గుండు ఇప్పుడు లేస్తుందా? (నల్గొండ జిల్లా)

జవాబు: రానిస్తారు, అది ఉన్నదే మీలాంటివాళ్ళకోసం. 35 దాటిన ఎవరైనా చేరొచ్చు, ఐదేళ్ళకో గ్రూపు, మీరు 70 నుంచి 74 గ్రూపులో మీ ఈడువాళ్ళతోనే పోటీ పడతారు. గుండు కూడా వయసుతో తేలికవుతుంది: కుర్రాళ్ళు వేసేది 7.26 కిలోలు, 60 దాటితే 5, 70 దాటితే 4, 80 దాటితే 3 కిలోలు. ఢిల్లీ వైపు భగవానీ దేవి అనే ఆవిడ 2022లో 94 ఏళ్ళ వయసులో ఫిన్లాండ్ వెళ్ళి 100 మీటర్లు 24.74 సెకన్లలో పరిగెత్తి గోల్డ్ తెచ్చింది, అదే పోటీలో షాట్‌పుట్‌లో బ్రాంజ్ కూడా. మీ జిల్లా స్టేడియంలో కోచ్‌లని అడిగితే సెలక్షన్లు ఎప్పుడో చెప్తారు.

పొలం పని చేసిన ఒళ్ళు కాబట్టి బలానికి లోటుండదు, తిరగడం దగ్గరే జాగ్రత్త. చిన్నప్పటి లాగా వెనక్కి తిరిగి గెంతుతూ వచ్చి విసరడం ఇప్పుడే వద్దు, మూడు నెలలు నిలబడిన చోటు నుంచే, మొదట 2 కిలోలతో, తర్వాత 3, తర్వాత 4. గుండు అరచేతిలో కాకుండా వేళ్ళ మొదట్లో, మెడకి ఆనించి పెట్టుకోవాలి, తోసేది చేత్తో కాదు కాళ్ళతో. ఒక రోజుకి పదిహేను ఇరవై త్రోలు మించొద్దు, మర్నాడు సెలవు. పోటీ రోజు మీ వంతు వచ్చేదాకా చాలాసేపు కూర్చోబెడతారు, ఒళ్ళు చల్లబడిపోతుంది, పిలిచేముందు లేచి కాసేపు నడిచి భుజాలు తిప్పుకోండి. విసిరేటప్పుడు కంటే కింద పడ్డ గుండుని వంగి తీసేటప్పుడే ఎక్కువమందికి నడుం పట్టేస్తుంది, మోకాళ్ళు వంచి తీయండి, లేదా ఓ పిల్లాణ్ణి పెట్టుకోండి తెచ్చివ్వడానికి.